పెన్షన్‌లోంచి పాత భరణం బాకీ పట్టుకుంటున్నారా? బెంగళూరులో లెక్క తేల్చుకునే దారి

నెలాఖరున పడాల్సిన పెన్షన్ తగ్గి పడుతుంది. లేదా బ్యాంకుకు వెళ్తే "కోర్టు ఆర్డరు ఉంది సార్, ఖాతా హోల్డ్‌లో పెట్టాం" అంటారు. అప్పుడు చాలామంది నోట వచ్చే మొదటి మాట "పదిహేనేళ్ల నాటి బాకీ, ఇప్పుడెలా పట్టుకుంటారు?" అని. ఆ ఒక్క మాట పట్టుకుని కోర్టుకు వెళ్తే కేసు నిలవదు. పాతబడినంత మాత్రాన పిల్లల భరణం చెరిగిపోదు. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండినా, మైనరుగా ఉన్న నెలలకు రావాల్సింది రావాల్సిందే.

నిలిచేది లెక్క. నిజంగా ఎన్ని నెలలు బాకీ, ఏ చట్టం దారిన వసూలు చేస్తున్నారు, ఏ డబ్బు మీద చేయి వేశారు అన్న మూడు ప్రశ్నలకు కాగితంతో జవాబు చెప్పగలిగితే, తప్పుగా పెరిగిన బాకీ చాలావరకు కరిగిపోతుంది. నిజమైన బాకీ మిగిలితే దాన్ని ఒప్పుకుని వాయిదాల్లో తీర్చే దారి అడగాలి. అది బిడ్డ నోటికి అందాల్సిన డబ్బు. తప్పించుకోవడం కోసం రాసింది కాదు ఇది, ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ పోకుండా చూసుకోవడం కోసం రాసింది.

1. కోత ఎవరి ఆర్డరు మీద పడిందో ముందు తేల్చండి

మన దేశంలో భరణం బాకీని తనంతట తాను పెన్షన్‌లోంచి లాక్కునే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. కోర్టు ఆర్డరు ఉండాలి, లేదా మీరే రాసిచ్చిన సమ్మతి ఉండాలి. మాజీ భార్య రాసిన ఉత్తరం చూసో, లాయరు నోటీసు చూసో పాత కంపెనీ గానీ బ్యాంకు గానీ డబ్బు పట్టుకోవడానికి వీల్లేదు.

పెన్షన్ వచ్చే బ్రాంచికి, దాని కేంద్రీకృత పెన్షన్ విభాగానికి ఒకే రోజున రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. అడగాల్సినవి: కోర్టు పేరు, కేసు నంబరు, ఆర్డరు తేదీ, ఎంత మొత్తానికి, నెలకు ఎంత చొప్పున, ఇప్పటికి ఎంత పట్టారు, ఆ డబ్బు ఎక్కడికి పంపారు, ఆర్డరు జిరాక్సు. మీ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఆర్డరు) నంబరు వేయండి. మీ కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోకుండా కౌంటరు వదలొద్దు. ప్రభుత్వ రంగ బ్యాంకు జవాబివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. అయితే ఆ 30 రోజులూ చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మీ పేరు మీద ఈ-కోర్ట్స్ యాప్‌లో వెతికితే చాలాసార్లు కేసు అదే రోజు దొరుకుతుంది. దొరికిన 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ఆ కేసును గుర్తించే నంబరు) రాసిపెట్టుకోండి.

2. కేసు నంబరు ముందున్న అక్షరాలు చదవండి

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు తరచూ ఇక్కడే పొరబడతారు. మన ఆంధ్ర కోర్టుల్లో "ఎం.సి." అంటే మెయింటెనెన్స్ కేసు, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ కింద వేసిన మనోవర్తి. బెంగళూరు ఫ్యామిలీ కోర్టులో "ఎం.సి." అంటే మ్యాట్రిమోనియల్ కేసు, అంటే విడాకుల వంటి వివాహ దావా. ఇక్కడ 125 కింద వేసినవి "క్రిమినల్ మిస్‌లేనియస్" అని నమోదవుతాయి. అనంతపురంలోనో చిత్తూరులోనో వచ్చిన ఆర్డరును బెంగళూరులో అమలు పెట్టినప్పుడు ఈ రెండూ కలగాపులగమవుతాయి. ఏ చట్టం కింద వచ్చిన ఆర్డరు అన్నదాన్ని బట్టే గడువూ, వసూలు పద్ధతీ, పై కోర్టూ మారిపోతాయి.

సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. పాత 126, 127, 128 ఇప్పుడు 145, 146, 147. అమలుకు సంబంధించిన 147 ప్రకారం, ఆర్డరు ఎక్కడ వచ్చినా మీరు ఉంటున్న చోటి మేజిస్ట్రేటు దాన్ని అమలు చేయవచ్చు. కాబట్టి "అది ఆంధ్ర ఆర్డరు, ఇక్కడ చెల్లదు" అనే వాదనతో రోజులు పోగొట్టుకోవద్దు.

సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఫ్యామిలీ కోర్టు నుంచి వీటి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి: అసలు ఆర్డరు, మధ్యంతర ఆర్డరు ఉంటే అదీ, అమలు అర్జీ, దానితో జతచేసిన బాకీ లెక్క, నోటీసు మీకు అందినట్టు రాసిన రిపోర్టు, ఆర్డరు షీటు మొత్తం. ఆర్డరు షీటును చాలామంది వదిలేస్తారు. ఏ తేదీన ఎంత కట్టారో, అవతలి పక్షం ఎంత అందిందని ఒప్పుకుందో ఉండేది అందులోనే.

కాగితాలు కన్నడలో ఉంటే అక్షరాలు మన లిపికి దగ్గరగా ఉన్నాయని ఊహించి చదవొద్దు. "జీవనాంశ" అంటే భరణం, "అర్జిదార" అంటే అర్జీ వేసినవారు అని పట్టుకోగలరు గానీ, కన్నడ అంకెల్లో వేసిన తేదీల దగ్గర తప్పు జరుగుతుంది. ఒక్క తేదీ తప్పు చదివినా గడువు వాదన మొత్తం పోతుంది. ఆ పేజీలైనా కన్నడ బాగా వచ్చినవారి చేత రాయించుకోండి.

3. నెలవారీ లెక్క

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. లాయరు దగ్గరికి వెళ్లక ముందే దీన్ని మీరు కూర్చుని రాయాలి. ఒక పెద్ద పుస్తకంలో ఐదు గళ్లు గీయండి: నెల, ఆర్డరు ప్రకారం ఇవ్వాల్సింది, ఇచ్చింది, రుజువు ఉన్న పేజీ, ఆ నెల బాకీ. ఒక నెలకు ఒక వరుస. ఏళ్ల మొత్తం ఒక్క వరుసలో రాస్తే తప్పు కనపడదు.

ఉదాహరణకు ఒక బిడ్డకు 2009 జూన్ నుంచి నెలకు 4,000 ఇవ్వాలని 125 కింద ఆర్డరు. బిడ్డ పుట్టింది 1998 మార్చి 31. అమలు అర్జీలో 2024 మే దాకా 180 నెలలు లెక్కగట్టి 7,20,000 అడిగారు. బిడ్డకు పద్దెనిమిది నిండింది 2016 మార్చి 31న. 2009 జూన్ నుంచి 2016 మార్చి దాకా 82 నెలలు, అంటే 3,28,000. అందులో 38 నెలలకు బ్యాంకు ద్వారా పంపిన రుజువుంటే 1,52,000 పోతుంది. మిగిలేది 44 నెలలు, 1,76,000. ఏడు లక్షలకు పైబడిన బాకీ రెండు లక్షల లోపుకు దిగింది. ఇందులో చట్టం చమత్కారమేమీ లేదు, కూడికా తీసివేతా అంతే.

ఎక్కువగా కనపడే తప్పులు ఇవి.

మొదటిది పైన చూసినదే, మేజరైన తర్వాత కూడా లెక్క నడిపించడం. 125 కింద పద్దెనిమిది దాటిన బిడ్డకు భరణం ఉండాలంటే, శారీరక, మానసిక లోపం వల్లనో గాయం వల్లనో తనను తాను పోషించుకోలేని స్థితి ఉండాలి. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. ఆర్డరు 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం కింద వచ్చి, బిడ్డ ఆడపిల్ల అయితే, తనను తాను పోషించుకోలేని అవివాహిత కూతురికి ఆ చట్టం 20వ సెక్షన్ పెళ్లిదాకా హక్కు ఇస్తుంది. ఈ తేడాను సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. ఆర్డరు చదవకుండా "మేజరైపోయింది" అని అర్జీలో రాస్తే అక్కడే దెబ్బతింటారు.

రెండోది, మధ్యంతర భరణాన్ని, తుది భరణాన్ని ఒకే నెలలకు రెండుసార్లు కూడటం. గృహహింస చట్టం కింద ఒక ఆర్డరు, 125 కింద ఇంకొకటి ఉన్నప్పుడూ ఇదే జరుగుతుంది. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల తీర్పు ప్రకారం, ముందు ఇచ్చిన మొత్తాన్ని తర్వాతి కేసులో సర్దుబాటు చేసే విషయం కోర్టు చూడాలి. ఆ తీర్పు ఎస్.సి.సి. (సుప్రీంకోర్టు తీర్పుల సంపుటాలు) 2021, 2వ సంపుటం, 324వ పేజీలో ఉంది.

మూడోది, ఆర్డరులో భార్యకు ఇంత, బిడ్డకు ఇంత అని విడివిడిగా ఉంటే రెంటినీ కలిపేయడం. తల్లి వాటా పరస్పర అంగీకార విడాకుల్లో తీరిపోయి ఉండవచ్చు. అయితే తల్లి వదులుకుంది కాబట్టి బిడ్డ వాటా కూడా పోయిందని అనుకోవద్దు, కోర్టులు అలా చూడవు.

నాలుగోది వడ్డీ. ఆర్డరులో వడ్డీ అన్న మాట ఉందో లేదో చూడండి. లేనప్పుడు లెక్కలో ఎందుకు వేశారని అడగండి.

ఇక రుజువుల సంగతి. చేతికిచ్చిన నగదు దగ్గరే చాలామంది తండ్రులు నష్టపోతారు. ఆర్డరు సివిల్ డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు) అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 21, రూల్ 2 ప్రకారం కోర్టు బయట చెల్లించినదాన్ని కోర్టులో నమోదు చేయించాలి. దానికి గడువు 30 రోజులు. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు గుర్తించదు. బ్యాంకు ద్వారానో, మనియార్డరు ద్వారానో, కాగితం మీద రుజువు ఉండేలానో ఇచ్చి ఉండాలి, లేదా అవతలివారు ఒప్పుకోవాలి. 125 ఆర్డర్ల విషయంలో ఇంత కట్టుబాటు లేకపోయినా, మాట తప్ప రుజువు లేకపోతే బరువు ఉండదు. అందుకే వెతకండి: పాత పాస్‌బుక్కులు, మనియార్డరు రసీదులు, బిడ్డ ఖాతాలో వేసిన చలాన్లు, కోర్టులో కట్టిన డీడీల కౌంటర్‌ఫాయిళ్లు, "అందింది" అని వచ్చిన ఉత్తరాలు, మెసేజీలు. నేరుగా స్కూలుకు కట్టిన ఫీజును విడిగా చూపండి. కోర్టు దాన్ని భరణంలో వేయాలని తప్పనిసరి కాదు, కానీ వాయిదాలు అడిగినప్పుడు మీ నడవడికి సాక్ష్యమవుతుంది.

రుజువు లేని నెలను "ఇచ్చాను" గడిలో వేయకండి. ఒక్క అబద్ధపు వరుస బయటపడితే మిగతా వరుసలనూ జడ్జి అనుమానిస్తారు.

4. గడువు: ఒక సంవత్సరం నియమం ఏం చేస్తుంది, ఏం చేయదు

125(3) కింద, ఇప్పుడు 144(3) కింద, బాకీ పడిన తేదీ నుంచి ఒక సంవత్సరం లోపల అర్జీ వేస్తేనే వారంటు ద్వారా వసూలు చేయవచ్చు. పై ఉదాహరణలో 44 నెలల బాకీ 2016 మార్చితో ఆగిపోయింది. మొదటిసారి అర్జీ 2024లో వేసి ఉంటే వారంటు దారి మూసుకుపోయినట్టే. ఈ వాదన బలమైనది, కౌంటరులో (కోర్టుకు మీరిచ్చే రాతపూర్వక జవాబులో) తప్పక రాయాల్సినది.

కానీ దీనికి రెండు హద్దులున్నాయి. కర్ణాటక నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2005లో, ఒకసారి గడువులోగా అర్జీ వేసి అది నడుస్తుంటే, ఆ తర్వాత పడుతూ వచ్చిన నెలలకు మళ్లీ మళ్లీ కొత్త అర్జీ వేయనక్కర్లేదంది (ఎస్.సి.సి. 2005, 4వ సంపుటం, 468వ పేజీ). కాబట్టి 2010లో వేసిన పాత అర్జీ ఏదైనా మూలన బతికే ఉందేమో ఈ-కోర్ట్స్‌లో చూడకుండా "ఇదే మొదటి అర్జీ" అని రాయొద్దు. రెండోది సుప్రీంకోర్టు 2013 నాటి తీర్పు (ఎస్.సి.సి. 2013, 10వ సంపుటం, 618వ పేజీ). సంవత్సరం దాటితే పోయేది వారంటు, జైలు అనే పద్ధతే తప్ప బాకీ హక్కు కాదు, సివిల్ దారి తెరిచే ఉంటుంది. ఆ దారిలో బాకీ భరణానికి హిందువులు వేసే దావాకు లిమిటేషన్ చట్టం 105వ ఆర్టికిల్ ప్రకారం 3 ఏళ్లు. ఆర్డరు సివిల్ డిక్రీ రూపంలో ఉంటే అమలుకు 136వ ఆర్టికిల్ కింద 12 ఏళ్లు, అదీ ప్రతి నెల వాయిదాకు ఆ నెల తప్పిన తేదీ నుంచి విడిగా. మీ నెలవారీ పుస్తకం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. 12 ఏళ్లు దాటిన వరుసల కింద ఎర్ర గీత గీయండి.

5. ఏ డబ్బు మీద చేయి వేశారు

సీపీసీ 60వ సెక్షన్ కొన్నిటిని జప్తు నుంచి తప్పిస్తుంది. క్లాజు (జి) కింద ప్రభుత్వం, స్థానిక సంస్థ, మరే యజమాని పెన్షనర్లకైనా ఇచ్చే పెన్షన్, గ్రాట్యుటీ వస్తాయి. క్లాజు (కె) కింద 1925 ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం వర్తించే నిధులు వస్తాయి. ఈపీఎఫ్ సొమ్ముకు 1952 చట్టం 10వ సెక్షన్, గ్రాట్యుటీకి 1972 చట్టం 13వ సెక్షన్ రక్షణ ఇచ్చాయి. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి, మీ రిటైర్మెంటు ఆ తేదీకి ముందో తర్వాతో చూసి సరైన చట్టం పేరు అర్జీలో వేయించండి. ప్రభుత్వ పెన్షన్‌కు 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్ కూడా ఉంది. రిటైర్మెంటు డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసినా దాని స్వభావం పోదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది (ఎస్.సి.సి. 2009, 1వ సంపుటం, 376వ పేజీ). అందుకే ఆ డిపాజిట్‌లో ఇంకో డబ్బు కలపొద్దు. ఇంటి అద్దె, పొలం కౌలు, పెన్షన్ ఒకే ఖాతాలో పడుతుంటే ఏది ఏదో విడదీసి చూపాల్సిన భారం మీ మీదే పడుతుంది.

ఇదంతా చదివి నిశ్చింతగా ఉండొద్దు. జీతం విషయంలో భరణం డిక్రీకి మినహాయింపు మూడో వంతు మాత్రమే, అంటే ఉద్యోగంలో ఉన్న చివరి నెలల్లో మూడింట రెండు వంతులు పట్టుకోవచ్చు. పెన్షన్ విషయంలోనూ, 1871 చట్టం "అప్పులవాడి" నుంచి రక్షిస్తుంది తప్ప భార్యాబిడ్డలు అప్పులవాళ్లు కారని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి భరణం కోసం పెన్షన్ జప్తును సమర్థించింది. అవతలి లాయరు ఆ తీర్పును తెస్తారు. 60వ సెక్షన్ సివిల్ అమలుకే గానీ క్రిమినల్ వారంటుకు కాదని కూడా వాదిస్తారు. కేసంతా ఈ రక్షణ మీదే నిలబెడితే ఒక్క వాయిదాలో కూలిపోవచ్చు. లెక్క ముందు, గడువు తర్వాత, రక్షణ చివర. అర్జీలో ఈ వరుస మార్చొద్దు.

6. అర్జీ వేయడం

కోత విధించిన కోర్టులోనే వేయాలి. సివిల్ అమలు అయితే సీపీసీ 47 కింద అభ్యంతరం, వారంటు దారి అయితే కౌంటరు, వారంటు వెనక్కి తీసుకోమనే అర్జీ. రెంటికీ జతచేయాల్సినవి ఒకటే: నెలవారీ లెక్క, రుజువుల కట్ట పేజీ నంబర్లతో, బిడ్డ పుట్టిన తేదీ ధ్రువపత్రం, పీపీఓ, 12 నెలల పెన్షన్ స్లిప్పులు, ఆస్తి అప్పుల అఫిడవిట్. మందుల ఖర్చు, ఇంటి అద్దె బిల్లులు కూడా పెట్టండి.

అదే రోజు ఇంకో చిన్న అర్జీ తప్పక వేయండి. ఇప్పటికే పట్టిన డబ్బును లెక్క తేలేదాకా కోర్టు డిపాజిట్‌లోనే ఉంచమని, అవతలివారికి విడుదల చేయొద్దని అందులో కోరండి. డబ్బు చేతులు మారాక ఎక్కువ పోయిందని తేలినా తిరిగి రాబట్టడం కష్టం. అప్పుడు సీపీసీ 144 కింద మళ్లీ అర్జీ వేయాలి. ఈ 144 వేరు, భరణం ఇచ్చే సురక్షా సంహిత 144 వేరు. టైపిస్టులు రెంటినీ కలిపేస్తారు, సంతకం చేసే ముందు చూసుకోండి.

అమలు కోర్టు ముందు పితృత్వం, కాపురం గొడవలు, ఆర్డరే తప్పు అన్న మాటలు తేవొద్దు. ఆ కోర్టు డిక్రీ న్యాయమా కాదా అని చూడదు. మీకు నోటీసే అందకుండా ఎక్స్‌పార్టీ ఆర్డరు (మీరు లేకుండానే ఇచ్చిన ఆర్డరు) వచ్చి ఉంటే దానికి దారి వేరు. పాత 126(2), ఇప్పటి 145 కింద రద్దు అర్జీ వేయాలి, గడువు 3 నెలలు. దాటిపోయి ఉంటే తెలిసిన తేదీకి రుజువుతో ఆలస్యం మన్నించమనే అర్జీ జతచేయాలి. రిటైరై ఆదాయం తగ్గిందంటే 146 కింద నెల మొత్తం తగ్గించమని అడగవచ్చు. అది ఇకపై పడే నెలలకు పనికొస్తుంది గానీ పాత బాకీని మాఫీ చేయదు.

ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం లాయరు హక్కుగా రాలేరు, కోర్టు అనుమతి కావాలి. మామూలుగా ఇస్తారు. ఫీజు భరించలేనివారు అదే న్యాయ దేగులలో ఉన్న రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికారాన్ని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

7. కేసు నడుస్తున్నంత కాలం

వారంటు వస్తే దాక్కోవద్దు. ప్రతి బాకీ నెలకు ఒక నెల దాకా జైలు వేయవచ్చు, జైలుకు వెళ్లివచ్చినా బాకీ తీరదు. ఇంకా మైనరు బిడ్డ ఉంటే ఈ నెల భరణం ఈ నెలే బ్యాంకు ద్వారా కట్టండి. మీరు ఒప్పుకునే బాకీని, ఉదాహరణలోని 1,76,000 లాంటిదాన్ని, నెలకు ఎంత చొప్పున తీర్చగలరో మెమో వేయండి. మొదటి వాయిదా డీడీని ఆ రోజే చేతిలో పట్టుకుని వెళ్లండి. జడ్జి ముందు దానికున్న విలువ ఏ వాదనకూ ఉండదు. అవతలివారు ఒప్పుకుంటే మీడియేషన్ సెంటరు అదే భవనంలో ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి, మొత్తం, నెలలు, "ఇక బాకీ లేదు" అన్న మాట సరిగ్గా రాశారో లేదో రెండుసార్లు చదివి సంతకం పెట్టండి.

ఫ్యామిలీ కోర్టు మీ అభ్యంతరం కొట్టేస్తే, 125 తరహా ఆర్డర్లకు అప్పీలు లేదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 19(4) కింద హైకోర్టులో రివిజన్ (పునఃపరిశీలన అర్జీ) వేయాలి, కర్ణాటక హైకోర్టులో దాన్ని ఆర్.పి.ఎఫ్.సి. అంటారు, గడువు 90 రోజులు. మిగతా తుది ఆర్డర్లకు 30 రోజుల్లో అప్పీలు.

మీకు అనుకూలంగా ఆర్డరు వస్తే బ్యాంకుకు తనంతట తెలియదు. సర్టిఫైడ్ కాపీ తీసుకుని బ్రాంచికి, పెన్షన్ విభాగానికి స్వయంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. హోల్డ్ తీసినట్టు రాతలో అడగండి. తర్వాతి రెండు నెలల పెన్షన్ స్లిప్పులు వచ్చి, కోత గడి ఖాళీగా కనపడేదాకా ఫైలు మూయకండి.